సుగ్రా మేలుకున్న ఐదు రోజులు

ఉదయం ఆరింటికి రైవస్ కాలవ గట్టు మీద బసవపున్నయ్య అడితి గేటు తెరుచుకునేది. ఆ పాటికే మార్త, సుగ్రా బయట అరుగు మీద కూర్చుని చెరో గ్లాసు టీ తాగేసి ఉండేవాళ్ళు. లోపల పనేమంత గొప్పది కాదు. సామిల్లుల నించి బస్తాల్లో వచ్చిన రంపపు పొట్టు, మేదర్లు తట్టలల్లగా మిగిలిన వెదురు చెక్కు, రెండూ దంచి, జల్లించి, ఉయ్యూరు నించి వచ్చే చెరకు మడ్డీ కాస్త ఒండ్రుమట్టీ పోసి తొక్కాలి. దాన్ని పిడికిట్లో బిగించి ఉండలు చేసి ఎండలో పరచాలి. కిరసనాయిలు క్యూల్లో జనం జుట్లు పట్టుకుంటున్న డెబ్భైనాలుగో సంవత్సరం అది. బొగ్గు లేదు, కట్టెల ధర వింటేనే కళ్ళు తిరుగుతున్నాయి. నిన్నమొన్నటిదాకా కాలవలో పారబోసిన చెత్తనే ఇప్పుడు జనం కళ్ళకద్దుకుని కొంటున్నారు.

అడితిలో పన్నెండు మంది ఆడవాళ్ళు ఉండలు పట్టేవాళ్ళు. పదకొండు మంది పట్టినవి ఇల్లంతా పొగచేసి, సగం కాలకముందే విరిగిపోయేవి. సుగ్రా పట్టినవి మాత్రం పొగన్నది లేకుండా నీలంగా, పొద్దున రాజేస్తే పొద్దుగుంకే దాకా మండేవి. ఒక్కటే తిరకాసు. సుగ్రా నిద్రపోతే అవి ఆరిపోయేవి. పొయ్యి సత్యనారాయణపురంలో ఉన్నా, వన్‌టౌన్‌లో ఉన్నా, ఆమెకు కునుకు పట్టిందంటే అన్ని పొయ్యిలూ ఒక్కసారే చల్లబడేవి. దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. కుళాయి ఏ వేళకి కట్టేస్తారో తెలుసుకున్నట్టే ఇదీ తెలుసుకున్నారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి "పాలు కాచెయ్యండర్రా, సుగ్రా పడుకునే వేళయింది" అని ఇళ్ళల్లో కోడళ్ళని కేకేసేవారు.

పగలు కునుకు తీస్తే మాత్రం గవర్నరుపేట కాఫీ హోటల్లో సప్లయరు ఎల్లారావు సైకిలేసుకుని ఊడిపడేవాడు.

"అట్టు పెనం మీద పచ్చిగా ఉండిపోయిందండీ మార్తగారూ! లేపండి ఆ మహాతల్లిని!"

సుగ్రాకి నిద్రంటే ప్రాణం. నలభై ఐదేళ్ళ మనిషి, మొగుడు కాశిం పోయి ఆరేళ్ళు. పొట్టు కుప్ప కనిపిస్తే చాలు నడుం వాల్చేసేది. "నిద్ర సుఖమెరగదంటారు గానీ అబద్ధమే మార్తా. టేకు పొట్టు మీద పట్టిన నిద్ర మామిడి పొట్టు మీద పట్టదు" అనేది. అందుకే ఆమె పక్కన మార్తను కూర్చోబెట్టాడు బసవపున్నయ్య. మార్త పట్టిన ఉండలు ఎండకముందే పగిలేవి, ఆ పని ఆమె చేతికి రాలేదు. నోరు మాత్రం మంచి నోరు. పొద్దస్తమానం కబుర్లు చెప్పడం, అవతలి రెప్పలు బరువెక్కితే తొడపాశం పెట్టడం ఆమె ఉద్యోగం. రెండేళ్ళలో ఆ ఇద్దరూ అక్కచెల్లెళ్ళ కంటే ఎక్కువయ్యారు. ఒకరి క్యారేజీ ఒకరు ఖాళీ చేసేవారు.

మాఘమాసంలో ఒకరోజు బసవపున్నయ్య మార్తను ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. అరిచేవాణ్ణయినా నమ్మొచ్చు గానీ ఇలాంటివాళ్ళ దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి.

"హనుమాన్ జంక్షన్ అవతల మనకి తెలిసినాయన పచ్చి పొగాకు సెగ మీద ఆరబెట్టే బ్యారన్ ఉందమ్మా. బొగ్గు దొరక్క మన ఉండలే పెట్టి ఆకు కాలుస్తానంటున్నాడు. ఐదు రోజులు వేడి తగ్గకూడదు. మధ్యలో తగ్గిందో, ఆకు నల్లబడి దిబ్బలో పొయ్యడానికే."

"ఐదు రోజులంటే... మరి సుగ్రక్క పడుకోవద్దాండీ?"

"ఐదు రోజులేగా! చంటిపిల్ల తల్లులు నెలల తరబడి మేలుకోవట్లా?" అని ఆయన బల్ల సొరుగు లాగి ఒక తాళంచెవి తీసి చూపించాడు. "వెనక పెంకుటి గది ఖాళీగానే ఉంది. ఆకు చక్కగా దిగిన రోజు ఇది నీ చేతిలో పెడతా. నీ ఇష్టం మరి."

మార్త ఇష్టం ఏముంది? గట్టు మీది గుడిసెలు నెలాఖరుకి పీకేస్తామని మునిసిపాలిటీ వాళ్ళు సున్నంతో గుర్తులు పెట్టి పోయారు. ఆమె మొగుడు అబ్రహాము రిక్షా తొక్కి తొక్కి గుండెల్లో దగ్గు తెచ్చుకుని మంచాన పడ్డాడు. ఆ చెమ్మలో ఇంకో వానాకాలం దాటడని డాక్టరు చెప్పేశాడు. పైన కప్పు పోతే మనిషే పోతాడు.

ఆ మాటే సుగ్రాతో చెప్పి ఏడ్చింది.

"ఐదు రోజులా? చస్తానే!" అని నవ్వింది సుగ్రా. ఇంకో ఉండ పిసికి పక్కన పెట్టింది. "సర్లే, ఏడవకు. నీ మొగుడు దగ్గుతుంటే నాకూ ఈ గట్టు మీద నిద్ర పట్టట్లేదు. మేలుకుంటాలే."

రెండు రోజులు ఆటలా గడిచాయి. మార్త కబుర్లు చెప్పింది, కాలవ నీళ్ళు మొహాన చల్లింది, కూర్చుంటే వాలిపోతుందని అడితి చుట్టూ తిప్పింది. సుగ్రా తిట్టింది, నవ్వింది, ఉండలు పట్టింది. ఆకు పసుపు తిరిగిందని జంక్షన్ నించి ఫోనొచ్చింది. మూడో రోజు నించి సుగ్రా పోయిన మొగుడు కాశింతో మాట్లాడ్డం మొదలుపెట్టింది. లుంగీ ఆరేశావా, మేకకి ఆకు వేశావా అని అడిగి, జవాబు కోసం ఆగి, తలూపేది. ఆ మధ్యాహ్నం మార్త మంచినీళ్ళకి వెళ్ళొచ్చేలోగా తల బస్తాకి ఆనించి కునుకు తీసేసింది. అంతలోనే ఫోను మోగింది. బ్యారన్‌లో వేడి పడిపోతోందట. వెంటనే లేపారు కాబట్టి ఆకు దక్కింది.

బసవపున్నయ్య ఒక కాగితం పొట్లం తెచ్చి మార్త ఒళ్ళో పెట్టాడు. గుంటూరు కారం.

"కంట్లో పెట్టకమ్మా, పాపం. కింది రెప్పకి కాస్త రాస్తే చాలు."

మొదటిసారి రాసినప్పుడు సుగ్రా కంటే మార్తే ఎక్కువ ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు. సాయంత్రమయ్యేసరికి సుగ్రా తల వాలకముందే మార్త వేళ్ళు పొట్లంలోకి వెళ్ళడం నేర్చుకున్నాయి. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు ఉండలు పడుతూనే ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు, ఎత్తితే ఆ పొట్లం తమకిస్తాడని వాళ్ళ భయం.

నాలుగో రోజు సుగ్రా మొహం వాచిపోయింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" అంది.

"మార్తని అక్కా."

"అబద్ధాలాడకు. మార్తయితే నన్ను పడుకోనిచ్చేది."

మార్త పొట్లం మడిచి పక్కన పెట్టింది. అప్పుడే వదిలేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది. ఇంతలో గట్టు అవతల నించి అబ్రహాము దగ్గు వినపడింది, ఆగకుండా, కొనఊపిరితో లాగుతున్నట్టు. మళ్ళీ పొట్లం విప్పింది.

ఐదో రోజు పదకొండింటికి సుగ్రా పిడికిలి బిగించింది, మళ్ళీ విప్పలేదు. మార్త తొడపాశం పెట్టింది. భుజం పట్టి కుదిపింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఎర్రటి కళ్ళు రెండూ తెరుచుకునే ఉన్నాయి. ఎదురుగా టీ బాయిలర్ కింద సుగ్రా ఉండలు నీలంగా మండుతూనే ఉన్నాయి.

పోయినవాళ్ళ కళ్ళు మూయడం ఎవరూ నేర్పక్కర్లేని పని. మార్త చెయ్యి చాచింది.

"ఆగు" అన్నాడు బసవపున్నయ్య వెనకనించి.

"పోయిందండీ..."

"తెలుసమ్మా. మూశావంటే బ్యారన్ ఆరిపోతుంది. ఆకు ఈనె ఒక్కటే ఆరాల్సింది, ఇంకొక్క పూట." ఆయన గొడుగు తెచ్చి సుగ్రా తల మీద నీడ పడేలా బస్తాల మధ్య గుచ్చాడు. "ఎండ పడుతోంది పాపం" అన్నాడు.

మార్త చెయ్యి వెనక్కి తీసుకుంది.

రెండింటికి సుగ్రా అక్క బీబీజాన్ వించిపేట నించి అన్నం క్యారేజీతో వచ్చింది. గేటు దగ్గరే ఆపేశారు. అక్కణ్ణించే చూసింది, చెల్లెలు గొడుగు కింద కళ్ళు తెరిచి కూర్చునుంది.

"ఏమ్మా, పలకదేం?"

"అలిసిపోయిందమ్మా. ఇప్పుడు పలకరిస్తే పడిపోతుంది" అంది మార్త. అంతటి మాట తన నోటికెలా వచ్చిందో ఆమెకే తెలియదు. "అయిదింటికి మీరే తీసుకెళ్దురుగాని."

బీబీజాన్ గేటు బయట కూలబడింది. మార్త మూడు గంటలు కొంగుతో అక్కలాంటి దాని కళ్ళ మీంచి ఈగలు తోలింది.

అయిదింటికి ఫోనొచ్చింది. ఆకు బంగారంలా దిగిందట. బసవపున్నయ్య తాళంచెవి తెచ్చి మార్త చేతిలో పెట్టాడు. "ఇప్పుడు మూసెయ్యమ్మా."

రెప్పలు బిగుసుకుపోయాయి, ఒక పట్టాన దిగలేదు. అరచేత్తో అదిమి పట్టుకోవాల్సి వచ్చింది. అవి దిగిన నిమిషంలో ఊళ్ళో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. "సుగ్రా ఇవాళ పెందలాడే పడుకుంది" అనుకుంటూ జనం అగ్గిపెట్టెలు వెతుక్కున్నారు. ఎన్ని పుల్లలు గీసినా ఆ ఉండలు మళ్ళీ అంటుకోలేదు.

బీబీజాన్ వచ్చి చెల్లెలి మొహం ఒళ్ళో పెట్టుకుంది. రెప్పల కింద వేలితో తుడిచి, ఆ వేలు వాసన చూసింది. అరుస్తుందనుకున్నారు అందరూ. ఆమె మార్త వైపు తిరిగింది.

"రోజూ నీ మాటే చెప్పేదమ్మా. మార్త ఉంది, నాకేం భయం అనేది" అంది.

మర్నాడు ఖననమైంది. మార్త వెళ్ళలేదు. అబ్రహామునీ, సామాన్లనీ పెంకుటి గదిలోకి చేర్చింది. మంచి గది, గోడలు పొడిగా ఉన్నాయి, ఆ రాత్రే అతని దగ్గు సగం తగ్గింది. మార్తకి మాత్రం కన్ను మూతపడలేదు. మూస్తే ఆ ఎర్రటి కళ్ళు కనిపించేవి. ఐదు రోజులు సుగ్రాతో పాటు మేలుకున్న మనిషి, ఇంకో మూడు రోజులు ఒక్కతే మేలుకుంది. పగళ్ళు ఊరికే కూర్చోలేక అందరితో పాటు ఉండలు పట్టింది. ఈసారి అవి పగలలేదు. ఎండాక బస్తాలకెత్తి హోటళ్ళకి పంపేశారు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తిని గోడవారన కూర్చుందో లేదో, ఎనిమిది రోజుల నిద్ర ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఆ కళ్ళు కనిపించలేదు. ఏమీ కనిపించలేదు. ఇంత సుఖం ఉందా దీన్లో అనుకుంటూ పక్కకి ఒరిగింది.

తలుపు తట్టారు.

"మార్తా, లేమ్మా." బసవపున్నయ్య గొంతు. అందులో కోపం లేదు, ఎన్నడూ లేనంత సంతోషం ఉంది. "హోటళ్ళలో పొయ్యిలన్నీ ఆరిపోయాయి తల్లీ. ఎల్లారావు సైకిలు మీద వచ్చి గేటు దగ్గర గోల చేస్తున్నాడు."

మార్త తలుపు తీసింది. ఆయన వెనక అబ్రహాము చెల్లెలు శౌరమ్మ నిలబడి ఉంది. ఆమె గుడిసె గోడ మీదా మునిసిపాలిటీ సున్నం గుర్తు ఉంది. కొంగు కింద ఏదో కాగితం పొట్లం పట్టుకుని, తలొంచుకుని కాళ్ళ వంక చూసుకుంటోంది.

"నీకేమిస్తానన్నాడే?" అనడిగింది మార్త.

"పక్క గది, వదినా" అంది శౌరమ్మ.

మార్త జుట్టు ముడేసుకుని ఆమె వెంట ఎండలోకి నడిచింది.