పొణికి కిట్‌లో దిష్టి చుక్క

తెర మీద నల్ల చుక్క మళ్ళీ కనబడింది.

జ్ఞానేశ్వరి చేతిలోని కాఫీ కప్పు సగంలో ఆగిపోయింది. 'సేవ్' అన్న బటన్‌కి ఎడమ మూల, ఆవగింజంత. ఇందాకే తీసేసిన చుక్క. తీసింది తనే.

బెంజ్ సర్కిల్ పక్క సందులో, మొబైల్ షాపు మీద వాళ్ళ ఆఫీసు. అక్కడందరికీ అన్నం పెడుతున్నది 'పొణికి'. వెబ్ పేజీలో బటన్లూ కార్డులూ ఫారాలూ ఎలా కనబడాలో చెప్పే సీఎస్ఎస్ కిట్ అది. చేసినవాడు విఠల్. కొండపల్లి బొమ్మలు చేసే ఇంట్లో పుట్టాడు. వాళ్ళింట్లో బొమ్మకు చేతులు వేరే, తల వేరే చెక్కుకుని చింతగింజల మక్కుతో అతికిస్తారు. కిట్‌నీ అలాగే కట్టాడు, ఏ ముక్కకు ఆ ముక్క, కావలసిన చోట అతుక్కునేలా. బొమ్మలు చెక్కే పొణికి కర్ర పేరే దానికీ పెట్టాడు. ప్రతి ముక్కకీ ఓ మూల దిష్టి చుక్క కూడా పెట్టాడు.

"మా నాన్న ప్రతి బొమ్మకీ అరికాల్లో పెడతాడు. ఇంత ముద్దొచ్చేదానికి దిష్టి తగలదా ఏంటి?" అని నవ్వేవాడు.

పోయిన వానాకాలం ఇంటికెళ్తూ ఇబ్రహీంపట్నం రోడ్డు మీద ఇసుక లారీ కింద పడి పోయాడు.

ఇప్పుడు ఆ కిట్ మాకు రియాక్ట్‌లో కావాలని ఒక కస్టమరు, వ్యూలో కావాలని ఒకరు, యాంగ్యులర్‌లోనే కావాలని మరొకరు. మూడూ వెబ్ పేజీలు కట్టే వేరువేరు పద్ధతులు. ఒకే పెళ్ళికూతుర్ని మూడిళ్ళ ఆచారాల ప్రకారం ముస్తాబు చెయ్యడం లాంటి పని. అది జ్ఞానేశ్వరి నెత్తిన పడింది. విఠల్ పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నది ఆమే మరి.

రియాక్ట్ ముక్కలు చూడగానే యజమాని నాగేశ్వరరావు గారు మొహం చిట్లించారు.

"ఏంటమ్మా ఈ మరక? కస్టమరు కర్చీఫుతో స్క్రీను తుడుస్తా కూర్చున్నాడంట! సాఫ్ట్‌వేరుకి దిష్టేంటి, ఎవరన్నా వింటే నవ్విపోతారు. సాయంత్రం డెలివరీలోపు మూడింట్లోనూ తీసెయ్."

కారుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకుని తిరిగే మనిషి ఆయన. ఎదుటివాడి నమ్మకమే మనకి మూఢంగా కనబడుతుంది.

అన్ని ముక్కలకూ ఆధారమైన ఫైల్లోంచి చుక్క పెట్టే ఆ ఒక్క వరసా జ్ఞానేశ్వరి తీసేసింది. రియాక్ట్‌లో చుక్క పోయింది. కానీ వ్యూలో ఉంది. ఆ ముక్కలు తను కొత్తగా రాసినవి. యాంగ్యులర్ తెరిచింది. అందులో ఏ ముక్క చుట్టూ ఆ ముక్కకు గోడ ఉంటుంది, బయటి రంగు లోపలికి అంటదు. అక్కడా ఉంది చుక్క. బయటినుంచి వచ్చింది కాదు. లోపల కూర్చుని ఎవరో పెట్టాలి.

పక్కన విఠల్ కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని ఎవరూ వాడరు, ఎవరూ తీసేయమనీ అనరు. ఫ్యాను గాలికి కాస్త ఇటు తిరిగింది. పట్టపగలు, కింద ఆటోల హారన్లు మోగుతున్నాయి, అయినా జ్ఞానేశ్వరికి ఒళ్ళు జలదరించింది.

ఏ వరస ఎవరు రాశారో కంప్యూటరే చెబుతుంది. అడిగింది. ప్రతి చుక్క పక్కనా ఒకే పేరు వచ్చింది. జ్ఞానేశ్వరి.

రాసినట్టు ఆమెకి గుర్తే లేదు. ముక్క ముగించే ముందు చివరి వరసగా చుక్క పెట్టడం అతని పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇప్పుడు మనసుకి చెప్పకుండానే వేళ్ళు రాసేస్తున్నాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పుడకల్లో కాలినవాడు నేర్పిన బుద్ధి మాత్రం ఈమె వేళ్ళలో బతికే ఉంది.

భయం పోయింది. దాని చోట దుఃఖం వచ్చి కూర్చుంది. ఒక్కో చుక్కా తీస్తుంటే విఠల్‌ని ఒక్కో గదిలోంచి వెళ్ళగొడుతున్నట్టే ఉంది. ఇవన్నీ పోతే అతను ఈ ఆఫీసులో ఇంకెక్కడా ఉండడు. అయినా తీసింది. జీతం తీసుకుంటున్న మనిషి కదా.

చివరికి నమూనా పేజీ మిగిలింది. కిట్ ఎలా పనిచేస్తుందో ఆఫీసువాళ్ళు చూసుకోవడానికి విఠల్ చేసిన పేజీ. అందులో అందరి ఫోటోలతో కార్డులు, అందరి బుగ్గల మీదా చుక్క. వెనకనుంచి నాగేశ్వరరావు గారు తొంగి చూశారు.

"మీదీ తీసేస్తున్నానండీ."

"అహ, అది ఉంచమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. "ఈ పేజీ కస్టమర్లు చూసేది కాదుగా. ఉంటే పోయేదేముంది?" ఇంకో మాటకి అవకాశం ఇవ్వకుండా గదిలోకి వెళ్ళిపోయారు.

ఒక్క కార్డుకి మాత్రం చుక్క లేదు. విఠల్‌ది.

విఠల్ ఈ పేజీ చేసిన రోజు తను అడిగింది, "నీకు పెట్టుకోలేదేం?" అని.

"ఎవరికి వాళ్ళు పెట్టుకోకూడదు జ్ఞానీ, పని చెయ్యదు. నువ్వు పెట్టు."

"కస్టమర్ కాల్ ఉంది బాబూ, తర్వాత పెడతాలే."

ఆ 'తర్వాత' రానే లేదు. ఆ వారంలోనే లారీ వచ్చింది. చుక్కని చూసి లారీ ఆగదని జ్ఞానేశ్వరికి తెలుసు. పెట్టి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన మాత్రం ఆమెని ఒక్క రాత్రీ వదల్లేదు.

విఠల్ కార్డు ఫైలు తెరిచింది. అన్నిచోట్లా అడక్కుండానే రాసిన వేళ్ళు, ఇక్కడ రాయమంటే కదల్లేదు. ఏ అక్షరంతో మొదలుపెట్టాలో తోచలేదు. ఎంతసేపు చూసినా గుర్తు రాలేదు. ఆఖరికి తన కార్డు ఫైలు తెరిచి, అందులో విఠల్ రాసిన వరసని కత్తిరించి తెచ్చి, అతని కార్డులో అతికించింది.

పేజీ మళ్ళీ తెరుచుకుంది. విఠల్ బుగ్గ మీద చుక్క. అతను మామూలుగానే నవ్వుతున్నాడు.

పక్కనే జ్ఞానేశ్వరి బుగ్గ బోసిగా ఉంది. ఆ వరసని ఇప్పుడు చూసి రాసుకోవచ్చు. కీబోర్డు మీదకి వెళ్ళిన చేతిని ఆమె వెనక్కి తీసుకుంది. ఎవరికి వాళ్ళు పెట్టుకోకూడదు.