పడిపోవాల్సిన పీక్

మునికుమార్‌కీ నాకూ మాటల్లేవు. ఏర్పేడులో ఒకే ల్యాబు, ఒకే గైడు. ఏడాది పాటు కొలిమి ముందు కాపలా కాసి నేను పెంచిన క్రిస్టల్ మీద పేపర్ వస్తే, మొదటి పేరు వాడిది. ఇదేమిటని అడిగితే గైడు ముందే, "స్టెల్లాది పొయ్యికాడ పనే గదా సార్" అన్నాడు. ఆ నోటిని తీసుకెళ్ళి ఆ పొయ్యిలోనే పెట్టాలనిపించింది. అప్పటినుంచి ఏదైనా చెప్పాల్సి వస్తే నేను ఫ్యానుతో చెప్తాను, వాడు కీబోర్డుతో చెప్తాడు.

నా క్రిస్టల్లో ఇనుము, కోబాల్టు ఒకటి విడిచి ఒకటి వరసగా ఉన్నాయని ఆ పేపర్ చెప్పింది. మేము నమ్మం అని బయటి దేశం వాళ్ళు రాశారు. నిరూపించకపోతే పేపరూ పోతుంది, నా థీసిసూ పోతుంది. మామూలు ఎక్స్‌రేకి ఆ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కిరణం శక్తిని సరిగ్గా ఇనుముకు తగినచోట పెడితే ఇనుము ఒక్కటే వేరుగా పలుకుతుంది. వరస నిజమైతే తెరమీది గీతలో ఒకచోట కొండకొనలా పీక్ లేస్తుంది, శక్తి మార్చగానే అది పడిపోవాలి. అందుకే క్రిస్టల్‌ని ఉత్తరాదిలోని పెద్ద ఎక్స్‌రే యంత్రానికి పంపి, ఇక్కడినుంచే కంప్యూటర్లో నడుపుతున్నాం. సాయంత్రం వరకే మా వంతు.

మధ్యాహ్నం పీక్ లేచింది.

"వచ్చేసినాది! నేను చెప్పలా?" అని మునికుమార్ కీబోర్డును తట్టాడు. అబద్ధమెందుకు, నా గుండె కూడా ఎగిరింది. వాడు అప్పుడే ఫోటో తీసి గైడుకు పంపబోయాడు.

"శక్తి మార్చి ఇంకోసారి సూడమను," అన్నాను ఫ్యానుతో.

"వచ్చిందాన్ని సెడగొట్టేదానికే కొందరు పుట్టింటారు," అన్నాడు కీబోర్డుతో.

ఒళ్ళు మండిపోయింది. మౌస్ లాక్కుని శక్తిని బాగా కిందికి దించాను. పడిపో, పడిపో తల్లీ అని లోపల వేడుకుంటూనే ఉన్నాను. పీక్ పడలేదు, అంతే ఎత్తున నిలబడింది. అది ఇనుము పని కాదు, కిరణం క్రిస్టల్లో రెండుసార్లు తగిలి బయటికొచ్చిన దొంగ పీక్. క్రిస్టల్‌ని కాస్త తిప్పగానే ఆనవాలు లేకుండా పోయింది. మళ్ళీ ఇనుము శక్తికి వచ్చి వెతికాను. చదునైన గీత తప్ప ఏమీ లేదు.

మునికుమార్ నా వైపు తిరిగాడు.

"స్టెల్లా, నా మాట ఇను. మొదటిదొక్కటే సార్‌కి పంపుదాం, మిగతావి తీసేద్దాం. నీ థీసిస్సూ నిలబడతాది. ఎవురికి తెలస్తాది మే?"

ఒక్క క్షణం నిజంగానే ఆశపడ్డాను. ఆశపడ్డందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"పేపర్ వెనక్కి తీసుకుంటామని రాయాల్సింది మొదటి పేరోడే. కూసో, రాయి," అని వాడి మొహమ్మీదే చెప్పి, కొలిచినవన్నీ గైడుకు పంపేశాను.

ముందు వాడి ఫోన్ మోగింది. ఎత్తలేదు. తర్వాత నాది మోగింది.

"అన్నీ నిజమే సార్," అన్నాను. "నా క్రిస్టల్లో వరస లేదు."