మొదటి పళ్లెం

ఎసట్లో బియ్యప్పిండి పోసి తెడ్డుతో కలియబెడుతూనే రాజవ్వ ఒక చెవి పక్కింటి గోడకేసి పెట్టింది. గోడకవతల తోడికోడలు ముత్తవ్వ వారం నుంచీ జ్వరంతో పడి ఉంది. ఈ వినాయక చవితికైనా ఆమె పొయ్యి వెలగదని రాజవ్వ ఆశ. దేవుడి పనిలో అలాంటి ఆశ తప్పని తెలుసు. అయినా పెట్టుకుంది.

ఇంతలో అవతలి నుంచి బెల్లం పాకం వాసన వచ్చింది. రాజవ్వ కడుపు భగ్గుమంది.

"జరమచ్చినా గమ్మున పండది," అని గొణుక్కుంది.

రాజవ్వవి బీడీలు చుట్టే చేతులు. కోడలిగా కోరుట్లకు వచ్చినప్పటి నుంచి ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి చుట్టి వేళ్ల కొసలు నల్లబడ్డాయి. కుడుముల పిండి ముట్టే ముందు వాటిని చింతపండుతో తోమి పసుపు పూస్తుంది. అయినా ఒక ఏడాది మంటపం దగ్గర ఎవరో ప్రసాదం తంబాకు వాసనేస్తోందన్నారు. నవ్వులాటకే అన్నారు. ఆ ఏటి నుంచి గణపతి తొండం ముందు పెట్టే మొదటి పళ్లెం ముత్తవ్వదైంది. ముత్తవ్వ మాత్రం బీడీలు చుట్టలేదా? కొడుకు దుబాయి పోయాక బీడీల చేట అటకెక్కించింది, అంతే. చేట అటకెక్కగానే చేతులు మడి కట్టుకున్నాయి కాబోలు! ఆమె కుడుములకు ఒక్క పగులుండదని వాడంతా మెచ్చుకుంటుంటే రాజవ్వ ఒకటైనా నోట పెట్టలేదు. కళ్లకద్దుకుని ఎవరి పిల్లలకో ఇచ్చేసేది.

కాసేపటికి గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మంచం ఎక్కి ఉంటుందనుకుని రాజవ్వ ఉడికిన కుడుములను గబగబా పళ్లెంలో పేర్చి, కొంగు కప్పుకుని దాదాపు పరుగెత్తింది.

మంటపం చూసుకునే మహిపాల్ పళ్లెం అందుకున్నాడు. "ఇయ్యాల నీదే ముందట, అత్తా."

పళ్లెం సరిగ్గా తొండం కింద కూర్చుంది. రాజవ్వ దేవుడి వైపు కాదు, వాడ ఆడవాళ్ల వైపు చూసింది. అందరూ చూడాలి మరి. పంతులు నైవేద్యం మీద నీళ్లు చిలకరించబోతుండగా ముత్తవ్వ కోడలు భాగ్య ఏడుస్తూ వచ్చింది.

"చిన్నత్తా, మా అత్త వోయింది! పొయ్యి కాడనే ఒరిగిపోయింది!"

పంతులు చెయ్యి ఆగిపోయింది. అన్నదమ్ముల భార్యలు. ఒక్క ఇంటిపేరు, ఒక్కటే మైల. మైల పడిన ఇంటి వంట దేవుడికి పనికిరాదు. మహిపాల్ తల వంచుకుని పళ్లెం తీసి రాజవ్వ చేతిలో పెట్టాడు.

"ఏమనుకోకు అత్తా."

సచ్చి కూడా సాధించింది. రాజవ్వకు మొదట వచ్చిన తలపు అదే. ఆ వెంటనే సిగ్గుపడి పళ్లెం మీద కొంగు కప్పింది.

చావింట్లో పొయ్యి ఆర్పాలి. మిగతా ఆడవాళ్లు శవం చుట్టూ ఏడుస్తుంటే ఆ పని రాజవ్వ మీద పడింది. కుండకు వాసెన కట్టిన గుడ్డ మీద కుడుములు ఉడికి నున్నగా మెరుస్తున్నాయి. శవం లేవకముందు నోట ఏదీ పెట్టకూడదు. ఆ సంగతే మరిచి రాజవ్వ ఒకటి తీసి కొరికింది. కమ్మగా ఉంది. ఒళ్లు మండేంత కమ్మగా ఉంది. నములుతూనే కూలబడి భోరుమంది.

"ఇగ నేనెవలతోని పోటీ వడాలె, అక్కా?"

పక్కనే పీట మీద పూర్ణం పెట్టని కుడుము ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని నడుమ ముత్తవ్వ బొటనవేలు నొక్కిన గుంట ఇంకా ఆరలేదు.