అచ్చేసే ముందు నన్నెత్తు

నేను ఒక టెలిఫోన్‌ని. జేబులో పట్టేదీ, ఫొటోలు తీసేదీ కాదు. గోడలోంచి వచ్చిన తీగకు కట్టేసి, బల్ల మీద ఒకచోట కూర్చోబెట్టిన పాతకాలపు జాతి. నాది మీగడ రంగని నన్ను పుట్టించిన ఫ్యాక్టరీలో అన్నారు. ఇప్పుడు చూసినవాళ్లు టీ ఒలికిన రంగంటారు. పన్నెండు మీటలు, ఒక చెవి, ఒక నోరు. నోరుందన్న మాటేగానీ, సొంతంగా ఒక్క మాట పలికే యోగం నాకు లేదు. ఎవరి మాటో ఇటు నుంచి అటు మోయడమే నా బతుకు. విన్నదంతా కడుపులో దాచుకోగలిగిన ప్రాణి ఈ లోకంలో నేనొక్కదాన్నేనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఎలా అణిగిందో చెప్పడానికే ఈ కథంతా.

నా మొదటి కాపురం ఒక లాడ్జిలో. ఉత్తరాంధ్రలో ఓ చిన్న జిల్లా కేంద్రం, బస్టాండుకు ఎదురుగా రెండంతస్తుల మేడ. ఆరో నంబరు గదిలో దిగిన పెద్దమనిషి నన్ను చెవికి ఆనించుకుని, "ఇప్పుడే విజయవాడ దాటానే" అని భార్యకు చెప్పేవాడు. పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన పూటకో రెండెకరాల చొప్పున పెళ్లికొడుకు ఆస్తిని పెంచుకుంటూ పోయేవాడు. అబద్ధం ఎంత నున్నగా దొర్లుతుందో, నిజం ఎలా తడబడుతూ వస్తుందో అక్కడే తెలుసుకున్నాను. ఆ చదువు ఊరికే పోలేదు. లాడ్జి మూతపడ్డాక ఆ మేడను ఒక దినపత్రిక వాళ్లు అద్దెకు తీసుకున్నారు. బల్లలూ ఫ్యాన్లతో పాటు నేనూ ఆ పత్రిక జిల్లా డెస్కుకు సంక్రమించాను.

మండలాల్లోని విలేకరులు పంపిన వార్తల్ని దిద్ది, జిల్లా పేజీల్లో సర్దే చోటుని డెస్కంటారు. దానికి పెద్ద పరాంకుశం గారు. బక్కపల్చటి మనిషి, జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్సిలు. నా కింద ఆయన ఒక పొడుగాటి నోటు పుస్తకం పెట్టుకున్నాడు. అందులో జిల్లాలోని ప్రతి ఊరి హెడ్మాస్టరు, డాక్టరు, పోస్టుమాస్టరు నంబర్లు. వార్తలో మనిషి పేరు కనబడితే చాలు, ఆయన చెయ్యి నా మీదకి వచ్చేది. ఒక వర్షాకాలం ఒక విలేకరి పిడుగుపడి వంద మేకలు చచ్చాయని చెప్పాడు.

"నువ్వు చూశావా?"

"లేదండి, జనం అంటన్నారు."

"జనం పేరు చెప్పు, ఫోన్ చేస్తాను."

జనానికి పేరు లేదు. పోస్టుమాస్టరుకు చేసి, ఆయన చేత మేకల ఆసామిని పిలిపించి అడిగితే పదకొండని తేలింది. పతాక శీర్షిక కావలసిన వార్త కాస్తా పేజీ మూలకి పోయింది. విలేకరి అలిగాడు. "పదకొండు మేకలు పోయినవాడి ఏడుపు నీ వందకి తక్కువేం కాదయ్యా" అన్నాడు పరాంకుశం గారు. మండలాల్లో ఆయనకి 'అనుమానప్పక్షి' అని పేరు పెట్టారు. ఆ పేరు కూడా నా తీగలోంచే ఆయన చెవిన పడింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆయన రిటైరైన రోజున శాలువా కప్పారు, దండ వేశారు, ఆయన లాంటివారు ఉండరన్నారు. అందరూ లడ్డూల దగ్గరుండగా ఆయన నా దగ్గరికొచ్చి, ఒక చీటీ మీద ఎర్ర పెన్సిలుతో మూడు మాటలు రాసి, నా నుదుటి మీద అంటించాడు. 'అచ్చేసే ముందు నన్నెత్తు.' ఆ చీటీ నాకు బొట్టులా అమరిందని మురిసిపోయాను.

ఆయన కుర్చీలోకి వచ్చినవాడు భానోజీ. చెడ్డవాడు కాదు. చురుకైనవాడు, మంచి శీర్షికలు పెట్టేవాడు, జేబులో సెల్‌ఫోను ఉన్నవాడు. నా చీటీ చూసి ముచ్చటపడి, "పెద్దాయన గుర్తు, ఉండనీ" అన్నాడు. ఉండనిచ్చాడు. ఎత్తడం మాత్రం తగ్గించాడు. అయినా మండలాల వాళ్లు అలవాటు కొద్దీ నాకే చేసేవారు.

ఆ మండలాల్లో ఒక కట్టుబాటు ఉంది. బయటివాళ్లకు తెలీదు, నాకు తెలుసు. ఒక్కో పత్రికకి ఒక్కో విలేకరి ఉంటాడుగానీ, ఊళ్లోకి వెళ్లేది మాత్రం వంతులవారీగా ఒక్కడే. మిగతావాళ్లు టీ బడ్డీ దగ్గర కూర్చుంటారు. వెళ్లినవాడు వచ్చి చెప్పింది అందరూ రాసుకుంటారు. పైవాళ్లు 'పక్క పత్రికలో ఉంది, మనకెందుకు లేదు' అని తిట్టకుండా ఇది ఉపాయం. తప్పయినా సరే, అందరికీ ఒకేలా ఉంటే తిట్లుండవు కదా!

ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి జోగారావు చేశాడు. కొత్తగెడ్డ మండలం విలేకరి.

"సార్, బడి భోజనంలో బల్లి పడింది. సాంబార్లో. ముప్ఫై రెండుమంది పిల్లలికి వాంతులు, ఆటోల్లో ఆస్పత్రికి తోలేరు. వంటావిడ పేరు అప్పలనరసమ్మ."

అతను చెబుతుండగానే వెనకనుంచి ఇంకో గొంతు, "ముప్ఫై రెండేనా? నాకూ అదే పెట్టు" అంది. గ్లాసుల చప్పుడు. మూడో గొంతు, "బల్లేనా, తొండా? బడికి ఎవడం వెళ్లలేదుగా, ఒకటే రాద్దాం" అంది. నేను శుభ్రంగా విన్నాను. భానోజీ కూడా వినవలసిందే, కానీ అతను నన్ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అప్పటికే శీర్షిక టైపు చేస్తున్నాడు.

భానోజీ అడక్కుండా అచ్చేశాడని నేనంటే పాపం మూటకట్టుకున్నట్టే. అతను అడిగాడు. పక్క పత్రిక డెస్కుకి చేశాడు. "మా వాడూ ఇచ్చాడు, ముప్ఫై రెండు" అన్నారు. టీవీ వాళ్లకి చేశాడు. "అవును, బల్లే" అన్నారు. "మూడు చోట్ల నుంచి ఖాయం" అంటూ వేళ్లు విరుచుకున్నాడు. మూడు చోట్లూ ఒకే బెంచీ అని, ఆ బెంచీ మీదున్నవాడెవడూ ఆ రోజు బడి గడప తొక్కలేదని అరవాలనిపించింది. నాకు చేతనైంది మోగడమే. అదైనా ఎవరో ఒకరు అటునుంచి పిలిస్తేనే.

అయినా చివర్లో అతను ఆగాడు. నిజం చెప్పుకోవాలి. నా నుదుటి చీటీ చూశాడు, కింది నోటు పుస్తకం లాగాడు, కొత్తగెడ్డ ఆస్పత్రి నంబరు మీద వేలు పెట్టాడు, రెండో చెయ్యి నా మీద వేశాడు. అప్పుడే అతని సెల్‌ఫోను టింగుమంది. జోగారావు పంపిన ఫొటో. బకెట్లో సాంబారు, సాంబారులో వెల్లకిలా బల్లి. అది ఏ రాష్ట్రంలో, ఏ సంవత్సరంలో పడిన బల్లో! ఎన్ని ఊళ్ల సాంబార్లలో పడిందో! "ఇంకేం కావాలి?" అని భానోజీ చెయ్యి తీసేశాడు. ఆ చెయ్యి వెచ్చదనం కాసేపు నా మీద ఉండిపోయింది.

బుధవారం ఉదయం నాలుగు కాలమ్‌ల వార్త. ఫొటో కింద 'కొత్తగెడ్డ బడిలో బల్లి పడిన సాంబారు'. ముక్కున వేలేసుకోని వాళ్లు లేరు. మధ్యాహ్నానికి అధికారులు అప్పలనరసమ్మను వంట నుంచి తీసేశారు. విచారణ అవసరం రాలేదు, పేపర్లో వచ్చాక ఇంకా ఏం చూడాలి? గురువారం మా పత్రిక, 'మా కథనానికి స్పందన: వంటమనిషి తొలగింపు' అని మళ్లీ వేసింది. పేపర్లో వచ్చింది కాబట్టి తీసేశారు, తీసేశారు కాబట్టి పేపర్లో వచ్చింది నిజం. ఇంత గుండ్రంగా తిరిగే న్యాయాన్ని లాడ్జిలో పేకాటరాయుళ్ల దగ్గర కూడా నేను వినలేదు.

ఆ గురువారం పదకొండింటికి నేను మోగాను. ఒక ఆడమనిషి గొంతు. ఏడుపు లేదు, కోపం లేదు. ఏదో లెక్క తేలక అడుగుతున్నట్టుంది.

"పేపరు బాబేనా? నాను కొత్తగెడ్డ అప్పలనరసమ్మని. ఒక్క మాట అడుగుతాను, సెప్పండి. మొన్న మంగళారం నాను ఒండింది పులిహోర. బడి గోడ మీద రాసుంటాది, మంగళారం పులిహోరని. సాంబారు ఒండనేదు బాబూ. మరి బల్లి ఎందల పడింది?"

భానోజీ బుధవారం సంచిక ముందుకి లాక్కున్నాడు.

"ఎవులు సూసినారు బాబూ ఆ బల్లిని? ఆల పేరు సెప్పండి. ఆలనే అడుగుతాను. పదకొండేళ్లు ఒండినాను, పిల్లలు నా సేతి ముద్ద తిన్నారు. నన్నొక్కపాలి అడగనేదేటి?"

నాకు కన్నీళ్లుంటే తడిసి, ఆ పూటే చెడిపోయి ఉండేదాన్ని. ఎవరు చూశారో పేరు చెప్పు అని పరాంకుశం గారు ఇన్నేళ్లూ నాలోంచి అడిగిన ప్రశ్నే అది. ఈసారి తీగకి అవతలి కొసనుంచి వచ్చింది. అంతా తెలిసీ మూగగా కూర్చున్న నా గర్వం ఆ క్షణాన అణిగిపోయింది.

ఆమె పెట్టేశాక భానోజీ నన్నెత్తాడు. రెండు రోజుల ఆలస్యంగా కొత్తగెడ్డ ఆస్పత్రి నంబరు నొక్కాడు. డాక్టరమ్మ ఎత్తింది.

"తొమ్మిది మందండీ, ముప్ఫై రెండు కాదు. మిగతావాళ్లు చూడ్డానికి వచ్చిన పిల్లలు. బడి వెనక కంచెలో వాంతులు పట్టించే నేపాళం గింజలు తిన్నారు, జీడిపప్పనుకుని. జేబుల్లో ఇంకా ఉంటే తీసి సీసాలో పెట్టాను. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను, ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు."

తప్పు వేశామని భానోజీ హెడ్డాఫీసుకి చెప్పాడు. అంతే పెద్దగా సవరణ వేద్దామన్నాడు. అటునుంచి పెద్ద నవ్వు. "నాలుగు కాలమ్‌ల సవరణా? రేపు మనల్ని ఎవడు నమ్ముతాడయ్యా?" నమ్మకం పోకుండా ఉండాలంటే నిజం చిన్నగా ఉండాలన్నమాట. శనివారం పదకొండో పేజీలో, వేలం ప్రకటన కింద, మూడు లైన్ల సవరణ వచ్చింది. 'పొరపాటుకు చింతిస్తున్నాం.'

సోమవారం ఆమె మళ్లీ చేసింది. "ఆ ముక్క కత్తిరించి ఆపీసరు కాడికి పట్టుకెళ్లినాను బాబూ. ఇది మాకు అగుపడనేదమ్మా అన్నారు. వంట ఇంకొకలికి ఇచ్చేసినారంట. బల్లిని ఎంత పెద్దగా ఏసినారో, నేదని కూడా అంత పెద్దగా ఏస్తే బాగున్ను. ఊళ్లో నన్ను బల్లి నరసమ్మ అంతన్నారు." చివరగా, "ఉంతాను బాబూ" అంది. ఆ గొంతు మళ్లీ నాలోంచి రాలేదు.

తర్వాత భానోజీ మారాడు. పేరున్న ప్రతి వార్తకీ నన్నెత్తేవాడు. జోగారావు వాళ్లు అతనికీ 'అనుమానప్పక్షి' అనే పేరు పెట్టారు. పరాంకుశం గారిలాగే ఈ గొంతూ ప్రశ్నించడం నాకెంతో హాయిగా ఉండేది. ఆ హాయి ఏడాది కూడా నిలవలేదు. అందరికీ సెల్‌ఫోన్లుండగా ఈ తీగ దండగ అని హెడ్డాఫీసు వాళ్లు నా కనెక్షన్ పీకించేశారు. భానోజీ ఎంత మొత్తుకున్నా వినలేదు. విరిగిన కుర్చీలతో, పాత పేపర్ల కట్టలతో కలిపి నన్ను పాత సామాన్ల దుకాణానికి తోలేశారు.

ఇప్పుడు అక్కడే ఉన్నాను. రేకుల షెడ్డు కింద, ఒక పక్క ఇనప ముక్కలు, ఒక పక్క పేపర్ల గుట్ట. గుట్ట పైన ఆ బుధవారం సంచికే, ఫొటోలో బల్లి వెల్లకిలా నన్నే చూస్తోంది. మూడు లైన్ల సవరణ ఉన్న సంచిక ఏ బజ్జీల పొట్లమైపోయిందో కనబడలేదు.

మొన్న దుకాణదారు నన్ను చేత్తో తూకం వేసి, "ఇది పలకదు, ప్లాస్టిక్‌లో పడేయ్" అని అటు విసరబోయాడు. పేపర్లు వేరు చేస్తున్న ఆవిడ తల ఎత్తింది. నలభై ఐదేళ్లుంటాయి, నెరిసిన జుట్టు, పొయ్యి మసి ఇంకా వదలని చేతులు.

"పలకదని ఎవులు సెప్పినారు బాబూ? నువ్వు సూసినావేటి?"

ఆ గొంతు నాకు తెలుసు. మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, నన్ను ఒళ్లో పెట్టుకుంది. నా నుదుటి మీద వెలిసిపోయిన ఎర్ర అక్షరాల్ని వేలితో తడిమింది, చదవలేదు. చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నది. నాలో ఉన్నవన్నీ చెప్పాలని తపించిపోయాను. ఆ టీ బడ్డీ, ఆ గ్లాసులు, ఆ బెంచీ, డాక్టరమ్మ సీసా.

"నిజిమే బాబూ," అంది నన్ను మెల్లగా దించుతూ, "పలకట్నేదు."

అప్పుడు నన్ను ప్లాస్టిక్‌లో వేశారు.