వాన తగలని చోటు

నోర్బర్ట్ పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన తన లేత్ షాపు వెనక చప్టా మీద దింపి వెళ్లిన పాత పంపును ఆయన భార్య అర్లీన్ ఇప్పటిదాకా ఎవరినీ కదపనివ్వలేదు.

ఒరెగాన్ తీరంలో ఎండ చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. వాన మాత్రం ఇల్లరికపుటల్లుడిలా తిష్ట వేస్తుంది. ఆ మంగళవారం, షాపుల మురికి వాననీటితో వాగుల్లో కలవకుండా చూసే పర్మిట్ల ఆఫీసు నుంచి రెనాటా తడుస్తూనే వచ్చింది. ఆ ఊళ్లో గొడుగు వేసుకునేది పొరుగూరివాళ్లే.

"మీది రిపేర్ల పనా, కొత్తవి తయారు చేసే పనా?" అని అడిగింది రెనాటా.

"రెండూను," అంది అర్లీన్.

"ఏది ఎక్కువ?"

లేత్ దగ్గర్నుంచి డెల్ అందుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ షాపులో పనివాడతను. "నోర్బ్ ఉన్నప్పుడు రిపేర్లే. ఇప్పుడు కొత్త షాఫ్ట్‌లు చేసుకుంటూ బతుకుతున్నాం. పాత యంత్రాలకి మందు వెయ్యడం ఆయనకే చేతనవును."

"ఉత్త రిపేర్లయితే మీకీ పర్మిట్ అక్కర్లేదు. తయారీ ఎక్కువ కాబట్టి పర్మిట్ కావలసినవాళ్ల జాబితాలోకి వచ్చేశారండీ."

అర్లీన్ ముఖం పాలిపోయింది. పర్మిట్ తీసుకుంటే వాననీళ్లు సీసాల్లో పట్టి ల్యాబుకు పంపుతూ ఉండాలి, రిపోర్టులు రాస్తూ ఉండాలి.

"పుట్టినరోజు కార్డు మీద సంతకానికే మూడు రోజులు తీసుకుంటాడీయన," అంది డెల్‌ను చూపిస్తూ. "నాకా, కళ్లు ఆనవు. ఇక షాపు మూసెయ్యడమే."

"ఇంకో దారుంది. మీ సరుకేదీ వానలో తడవడం లేదని రాసి సంతకం పెడితే పర్మిట్ అక్కర్లేదు. వానలో అది ఉందా, ఇది ఉందా అని పదకొండు ప్రశ్నలు. అన్నిటికీ 'లేదు' అనే జవాబు రావాలి."

ముగ్గురూ షాపంతా తిరిగారు. నూనె డ్రమ్ములు కప్పు కింద ఉన్నాయి. ఇనుప రజను తొట్టెకు మూత ఉంది. పది 'లేదు'లు పడ్డాక చప్టా మీదికి వచ్చారు. పంపు మీంచి కారిన తుప్పునీరు ఎర్రటి గీతలా వాగుకు పోయే కాలువలో కలుస్తోంది.

"టార్పాలిన్ కప్పితే?" అంది అర్లీన్.

"అది నాలుగు రోజుల ముచ్చట. కప్పైనా వెయ్యాలి, లోపలికైనా చేర్చాలి."

"ఇక్కడ కప్పేస్తే ట్రక్కు నా నెత్తి మీద తిరగాలి," అన్నాడు డెల్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆవిడకి చెప్పు, అర్లీన్."

నోర్బర్ట్‌కు కాగితం మీద నమ్మకం లేదు. రిపేరుకు ఏది వచ్చినా అది ఎవరిదో, దాని రోగమేమిటో సుద్దముక్కతో చప్టా మీద రాసి, పైన యంత్రాన్ని దుంగల మీద దింపేవాడు. కింది రాతకు ఆ యంత్రమే గొడుగు. "కాగితం పోతుంది గానీ నేలెక్కడికి పోతుందే?" అనేవాడు. నేల పోలేదు. పద్నాలుగు నెలల కిందట ఓ గురువారం ఈ పంపును దింపి, శాండ్‌విచ్ తినడానికని కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

"ఈ పంపెవరిదో మాకూ తెలీదు," అంది అర్లీన్. "అదీ దీని కిందే రాసి ఉంది."

రెనాటా ఫారం మీది తేదీ చూసింది. "శుక్రవారం దాకా గడువుందండీ. తెరిపిచ్చాక..."

"ఇక్కడ తెరిపివ్వాలంటే జూలై రావాలమ్మా. ఇప్పుడే కానియ్, డెల్. రేపటికి నా మనసు మారుతుంది."

డెల్ ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చి పంపును లేపాడు. కింద పొడి నేల, దాని మీద నోర్బర్ట్ వంకర అక్షరాలు కనిపించాయి.

*హగ్‌స్ట్రామ్ పాలకేంద్రం. బేరింగ్ పోయింది. అర్లీన్‌ను అడగాలి.*

"ఏమడగాలనుకున్నాడు?" అంది అర్లీన్.

డెల్ ఇంజను ఆపేశాడు. "నాకు చెప్పలేదు, అర్లీన్. ఒట్టు."

చినుకులు రాత మీద పడ్డాయి. మొదట హగ్‌స్ట్రామ్ కరిగాడు. రెనాటా చటుక్కున వంగి, చేతిలో ఉన్న ఫారాల అట్టను చివరి మాటల మీద గొడుగులా పట్టింది. ఫోను తీయమని డెల్‌కు సైగ చేసింది. అతను జేబులు తడుముకున్నాడు. ఫోను లేత్ దగ్గరుండిపోయింది.

అట్ట అంచుల కిందినుంచి నీళ్లు పాకుతూనే ఉన్నాయి.

"తీసెయ్యమ్మా," అంది అర్లీన్. "నీ ఫారం తడుస్తుంది."

తెల్లటి నీరు కాలువలోకి పోయేదాకా ముగ్గురూ తడుస్తూ నిలబడ్డారు. డెల్ పంపును లోపలికి చేర్చాక రెనాటా కాగితాన్ని తన చొక్కా చేతికి అద్ది, పదకొండో ప్రశ్న నెమ్మదిగా చదివింది.

"వానలో మీదేమైనా మిగిలి ఉందా?"

అర్లీన్ చప్టా వంక చూసింది.

"లేదు," అని సంతకం చేసింది.