మెళ్లో ట్యాగు

లాజరు మెళ్లో ఆఫీసు గుర్తింపు ట్యాగు వేసుకుని, వంటింటి పక్క బల్ల ముందు కూర్చుని ఆఫీసుకి కలిపే వీపీఎన్ నొక్కాడు. రాలేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ. ఇంట్లో చేసే ఉద్యోగానికి ట్యాగెందుకని భార్య మార్త ఎన్నిసార్లు నవ్వినా, అది లేకపోతే ఆయనకు వేళ్లు కదలవు. బందరు రోడ్డులోని ఆఫీసుకి ఆసుపత్రి బిల్లులు కంప్యూటర్లో ఎక్కించడం తప్ప ఆయన గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఒక్కరోజూ ఆలస్యం కాలేదన్నదే గొప్ప. ఈ మధ్య మనుషుల్ని తీసేస్తున్నారట. పొద్దున పది దాటితే వంక దొరికినట్టే.

ఆఫీసుదే కాదు, ఏ పేజీ రావడం లేదు. గుణదల మేరీమాత తిరునాళ్లకి స్తంభాలకు లైట్లు కడుతూ వైరు తెంపేశారని తేల్చేసి, కేబుల్ రత్తయ్యను పిలిచి కేకలేశాడు. రత్తయ్య వచ్చి మార్త ఫోను చూపించాడు. అదే వైఫై మీద పాట హాయిగా వస్తోంది.

"నెట్టు బంగారంలా ఉందండీ. తేడా మీ డబ్బాలోనే."

లాజరుకి బుర్ర తిరిగిపోయింది. ఆఫీసు వాళ్లిచ్చిన ఆ లైనక్స్ కంప్యూటర్ని ఆర్పి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి వెలిగించాడు. అబ్బే! నిన్న సాయంత్రం పనయ్యాక వీపీఎన్ ఆపేసేదాకా బాగానే ఉందే!

ఆఫీసులో నెట్‌వర్క్ చూసే హర్షవర్ధన్ ఎంతకో గాని ఫోనెత్తలేదు. ఎత్తి, సంగతంతా విన్నాడు.

"వీపీఎన్ ఆపేసినా మన సర్వర్ అడ్రసు మీ కంప్యూటర్లో ఉండిపోయింది సార్. ఏ సైటుకి దారి కావాలన్నా ఇంకా ఆఫీసునే అడుగుతోంది. ఆఫీసేమో పలకదు. నేను చెప్పేది కొట్టండి."

లాజరు ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. పేజీలన్నీ గబగబా తెరుచుకున్నాయి. ప్రాణం లేచొచ్చింది.

"చల్లగా ఉండు బాబూ! ఇంకా పది కాలేదు. ఇదిగో, ఆఫీసుకి కలుపుతున్నా... ఇదేంటి, పాస్‌వర్డ్ తప్పంటోంది?"

హర్షవర్ధన్ గొంతు తగ్గించాడు.

"అది రాదండి. మీ పేరు తీసేయమన్నారు. పొద్దున్నే నేనే తీసేశాను. మీకు చెప్పుంటారనుకున్నా సార్."

"నా పేరా? ఎందుకు బాబూ?"

"నాకూ తెలీదండి. కంప్యూటర్ కోసం మనిషొస్తాడు, ఇచ్చేయండి."

లాజరుకి ఏడుపు రాలేదు. అర్థం కాలేదు, అంతే. ఏ బిల్లు తప్పెక్కించాడో, ఎవరినేమన్నాడో, ఎంత తవ్వుకున్నా తట్టలేదు. మధ్యాహ్నం మనిషొచ్చి వైర్లతో సహా అన్నీ పట్టుకెళ్లాడు. ట్యాగు మాత్రం అడగలేదు. లాజరు దాన్ని తీసి కుర్చీకి తగిలించి, చొక్కా మార్చుకుని, ఎక్కడికని మార్త అడుగుతున్నా వినిపించుకోకుండా మేరీమాత కొండవైపు నడిచిపోయాడు.

ఫ్యాను గాలికి ట్యాగు తిరుగుతోంది. అందులోని పాత ఫొటోలో నల్లజుట్టు లాజరు ఒకసారి గోడవైపు, ఒకసారి ఖాళీ బల్లవైపు నవ్వుతున్నాడు.