కాగితం లేని వ్యాగన్లు

ఓర్లిన్ చిన్న ఊరే అయినా దానికి రెండు రైల్వే యార్డులుండేవి. ఉత్తరాన సరస్సు ఒడ్డు వెంబడి పోయే షోర్ లైన్ వాళ్ళది ఒకటి, దక్షిణాన బొగ్గు గనుల నుంచి వచ్చే వ్యాలీ లైన్ వాళ్ళది ఒకటి. ఈ రెండు కంపెనీల మనుషులకూ తాతల కాలం నుంచి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. షోర్ వాళ్ళు వ్యాలీ వాళ్ళను బొగ్గోళ్ళనేవారు. వ్యాలీ వాళ్ళు షోర్ వాళ్ళను చేపలోళ్ళనేవారు. మంగలి షాపులు వేరు, బీరు కొట్లు వేరు, ఆఖరికి చర్చిలో కూర్చునే బల్లలు కూడా వేరు. అలాంటి రెండు కంపెనీలకు, అరవై ఎనిమిది ఫిబ్రవరిలో, ఎక్కడో నగరంలో కూర్చున్న పెద్దలు ముడిపెట్టేశారు. ఇద్దరికీ నష్టాలే కనుక ఇద్దరినీ కలిపేస్తే లాభాలొస్తాయట. రెండు కుంటి గుర్రాలను ఒకే బండికి కడితే పరుగెడతాయని బండి తోలేవాడెవడూ అనుకోడు. బండి ఎక్కనివాళ్ళే అనుకోగలరు.

క్లెమెంట్ రాడ్కే షోర్ యార్డుకు యార్డ్ మాస్టరు. వచ్చిన వ్యాగన్లను విడదీసి, ఏది ఎటు పోవాలో ఆ బండికి తగిలించి పంపడం ఆయన పని. మనిషి కోపిష్టే గానీ దొంగ కాదు, సోమరి అంతకన్నా కాదు. పొద్దున్నే కిటికీలోంచి చూస్తే పట్టాలు ఖాళీగా మెరుస్తూ కనిపించాలి, అదీ ఆయన గొప్ప. భార్య పోయాక ఆ పట్టాలూ, కూతురు కొరిన్ ఇంట్లో ఆదివారం భోజనమూ తప్ప ఆయనకు వేరే లోకం లేకుండా పోయింది.

కంపెనీలు కలిసిపోగానే వ్యాలీ యార్డుకు తాళం పడింది. అక్కడి మాస్టరు డొమినిక్ స్ఫెర్రాను తెచ్చి రాడ్కే కింద వేశారు. నిన్నటిదాకా తన యార్డుకు తానే రాజు, ఇవ్వాళ పగవాడి గదిలో మూల బల్ల. ఎవడికైనా కడుపు మండుతుంది.

"రండి రండి, ఆ బొగ్గు కాస్త దులుపుకుని రండి" అన్నాడు రాడ్కే మొదటిరోజు, అందరూ వినేలా.

"దులుపుకునే వచ్చాను మాస్టరుగారూ. లోపల ఈ చేపల కంపే తట్టుకోలేకపోతున్నా" అన్నాడు స్ఫెర్రా.

గదిలో అందరూ నవ్వారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ పని మాట తప్ప మాట్లాడుకోలేదు. కొన్నాళ్ళకు పని మాట కూడా మానేశారు.

ఆ వసంతంలో ఒక సాయంత్రం అల్లుడు గెరిట్ వెర్హుల్స్ట్ వచ్చి రాడ్కే వంటింట్లో కూర్చున్నాడు. గెరిట్‌ది చెర్రీల ఫ్యాక్టరీ. చుట్టుపక్కల తోటల్లోని పుల్ల చెర్రీలన్నీ కొని, గింజ తీసి, రేకు డబ్బాల్లో నింపి అమ్ముతాడు. వాళ్ళ నాన్న పెట్టిన ఫ్యాక్టరీ అది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు వేసవి పని అక్కడే. ఖాళీ డబ్బాలు దక్షిణం నుంచి వ్యాలీ లైన్ మీద వస్తాయి. చెర్రీ పండిందంటే చెట్టు మీద వారం ఆగదు. ఆ వారంలో డబ్బాలు చేతిలో లేకపోతే ఆ ఏడాదికి ఇక ఫ్యాక్టరీ లేనట్టే.

"లారీలాయన వచ్చాడు మామయ్యా" అన్నాడు గెరిట్ కాఫీ కప్పు తిప్పుతూ. "డబ్బాలు నేను తెచ్చిపెడతానంటున్నాడు. మీ కంపెనీలో అంతా గందరగోళంగా ఉందంట కదా?"

రాడ్కే మొహం ఎర్రబడింది. "గందరగోళమా? ఎవడన్నాడు? ఆ లారీవాడేనా?"

"అందరూ అంటున్నారు."

"నా కూతురింటి సరుకు లారీల మీద వస్తే నేను ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగాలా వద్దా? ఇన్నేళ్ళుగా ఒక్క వ్యాగనైనా తప్పిందా? చెప్పు."

"తప్పలేదు. కానీ అవి ఇన్నాళ్ళూ వ్యాలీ యార్డుకు కదా వచ్చేవి."

"ఇప్పుడు నా యార్డుకొస్తాయి. ఇంకా మంచిది. పూచీ నాది అల్లుడూ. లారీవాణ్ణి పొమ్మను."

గెరిట్ మెత్తటి మనిషి. పిల్లనిచ్చిన మామ అంత మాటన్నాక ఇంకేమీ అనలేకపోయాడు. లారీలాయనకు వద్దని కబురు పెట్టాడు.

జూన్ వచ్చేసరికి యార్డు యార్డులా లేదు. రెండు యార్డుల వ్యాగన్లూ ఒక్కదాంట్లో పోశారు. వ్యాగను వెంట రావలసిన కాగితాలు ఇదివరకు రైలుతోనే వచ్చేవి. ఇప్పుడు అవన్నీ ముందు హెడ్డాఫీసుకు పోతాయి. అక్కడ ఈ కంపెనీ కంప్యూటరు చెప్పేది ఆ కంపెనీ కంప్యూటరుకు అర్థం కాదు. కాగితం వచ్చేది వ్యాగను వెళ్ళిపోయిన వారానికి. ఇక మిగిలింది వ్యాగనుకు కొట్టే దారి చీటీ ఒక్కటే. అట్టముక్క మీద ఏ ఊరు పోవాలో రాసి మేకుతో కొడతారు. చీటీ ఉంటే పని నడుస్తుంది. లేకపోతే అది దిక్కులేని వ్యాగనే.

వ్యాలీ వైపు నుంచి వచ్చే వ్యాగన్లకు చీటీలు కనపడేవి కావు. తలుపు పక్కన, కంటికెదురుగా, షోర్ వాళ్ళు ఎప్పుడూ చీటీ కొట్టే చెక్క మీద చూస్తే ఏమీ లేదు.

"మొద్దు వెధవలు. చీటీ కొట్టడం కూడా చేతకాదు బొగ్గోళ్ళకి" అనేవాడు రాడ్కే. మూల బల్ల దగ్గర స్ఫెర్రా కిటికీలోంచి బయటికి చూస్తూ సిగరెట్టు కాల్చుకునేవాడు.

దిక్కులేని వ్యాగన్లకు విరుగుడు ఒకటే. తెల్లారగానే హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చేది, యార్డులో నిలిచిపోయిన వ్యాగన్లెన్ని అని. తక్కువ చెప్పినవాడు మొనగాడు. ఎక్కువ చెప్పినవాడికి చీవాట్లు. అందుకని ప్రతి యార్డ్ మాస్టరూ ఒకే పని చేసేవాడు. చీటీ లేనివాటిని పోయే బండికి, ఏదైతే అది, తగిలించి పంపేసేవాడు. తర్వాతి యార్డువాడి తలనొప్పి అది. ఆ యార్డువాడు ఇంకో బండికి తగిలించేవాడు. కంపెనీ అంతటా వేల వ్యాగన్లు అలా తలుపు తెరిచేవాడు లేక ఊళ్ళు పట్టుకు తిరిగాయి. అందరూ అంతే చేస్తున్నారు, రాడ్కే కూడా చేశాడు. పొద్దున్నే ఆయన పట్టాలు ఖాళీగా మెరిసేవి. హెడ్డాఫీసువాళ్ళు ఫోనులో మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు ఆయన ఆదివారం భోజనాల దగ్గర చెప్పుకునేవాడు.

జూలైలో చెర్రీలు ఎర్రబడ్డాయి. డబ్బాలు రాలేదు.

గెరిట్ మొదట ఫోను చేశాడు. తర్వాత తానే యార్డుకు వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేదు.

"అక్కణ్ణుంచి బయల్దేరి చాలా రోజులైందంట మామయ్యా. తయారుచేసినాయన ప్రమాణం చేసి చెబుతున్నాడు. మరి ఎక్కడున్నాయి?"

"వస్తాయి."

"తోటలవాళ్ళు గంపలతో గుమ్మంలో నిలబడ్డారు. ఏం చెప్పమంటారు?"

"వస్తాయని చెప్పు. నేనున్నాను కదా!"

రాడ్కే తెలిసిన ప్రతి యార్డుకూ ఫోను చేశాడు. ఓర్లిన్ చీటీతో డబ్బాల వ్యాగన్లేవీ తమ దగ్గర లేవన్నారు అందరూ. హెడ్డాఫీసుకు చేస్తే ఒకళ్ళు ఇంకొకళ్ళకిచ్చారు, ఆ ఇంకొకళ్ళు లైను కట్ చేశారు. ఆయనకు జీవితంలో మొదటిసారి ఒక వ్యాగను ఎక్కడుందో తెలియలేదు, అది కూడా సొంత అల్లుడిది. గెరిట్ సిగ్గు విడిచి లారీలాయన దగ్గరికి పోయాడు. ఆయన లారీలన్నీ అప్పటికే వేరేవాళ్ళకు ఒప్పుకున్నాడు. తోటలవాళ్ళు రెండు రోజులు చూసి, గంపలెత్తుకుని పక్క కౌంటీకి పోయారు. పోలేనివాళ్ళు చెట్ల కిందే వదిలేశారు. వానకు తడిసి పులిసిన చెర్రీల వాసన ఊరంతా పట్టుకుంది. పనికొచ్చిన ఆడవాళ్ళు తెల్ల టోపీలు చేతిలో పట్టుకుని ఫ్యాక్టరీ మెట్ల మీద కూర్చుని, కూర్చుని, ఇళ్ళకు పోయారు.

పంట పోయాక లైల్ జంక్షన్ మాస్టరు హోబర్ట్ లిండ్ ఫోను చేశాడు. ఆయనా పాత షోర్ మనిషే, రాడ్కేకు స్నేహితుడు.

"ఏరా క్లెమ్, నీకూ నాకూ ఏమన్నా గొడవా?"

"ఏమైంది?"

"ఆ రెండు వ్యాలీ వ్యాగన్లు నాకెందుకురా పంపుతావ్ మాటిమాటికీ? చీటీ లేదు, ఏమీ లేదు. నేను నీకు పంపుతా, నువ్వు నాకు పంపుతావ్. నెల నుంచి బంతాట ఆడుతున్నాం మనం. కదిలిస్తే లోపల గలగలమంటున్నాయి, ఖాళీ గిన్నెలు ఉన్నట్టు."

రాడ్కే కుర్చీలోంచి లేచాడు. "ఇప్పుడెక్కడున్నాయి?" అన్నాడు.

"పొద్దున్నే మళ్ళీ నీకే పంపా" అని నవ్వాడు లిండ్.

వ్యాగన్లు మధ్యాహ్నానికి వచ్చాయి. రాడ్కే తానే గడ్డపారతో సీలు తెంచి తలుపు లాగాడు. నేల నుంచి కప్పు దాకా డబ్బాలు, ఎండ పడి తళతళా మెరుస్తూ, ఒక్కటి కూడా చెదరకుండా ఉన్నాయి. వాటి మీద వెర్హుల్స్ట్ పేరు అచ్చయి ఉంది. వెనక కంకర మీద అడుగుల చప్పుడయింది. స్ఫెర్రా వచ్చి, వ్యాగను చివరికి నడిచి, వంగి, చక్రం పైన చెక్క పట్టీ మీది మట్టిని బొటనవేలితో తుడిచాడు. చీటీ ఉంది. ఓర్లిన్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"బొగ్గు వ్యాగన్లకు పక్క తలుపులుండవు మాస్టరుగారూ" అన్నాడు. "మా తాతలప్పటి నుంచీ చివరనే కొడతాం. అన్నిటికీ అంతే."

"మొదట్నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"అడిగావా?"

రాడ్కే గడ్డపార గట్టిగా పట్టుకున్నాడు. కొడతాడనే అనుకున్నాడు స్ఫెర్రా, అయినా కదల్లేదు. కానీ కొట్టడానికి రాడ్కేకు మొహం ఎక్కడిది? ఒక్క మాట అడగడానికి ఆయనకు నామోషీ, ఒక్క మాట చెప్పడానికి వాడికి పౌరుషం. ఆ రెంటి మధ్యా గెరిట్ ఫ్యాక్టరీ నలిగిపోయింది. ఇలాంటి రాడ్కేలూ ఇలాంటి స్ఫెర్రాలూ ఆ కంపెనీకి ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పైన హెడ్డాఫీసులోనూ ఉన్నారు, కాకపోతే వాళ్ళ బల్లలు పెద్దవి.

సాయంత్రం గెరిట్ వచ్చి డబ్బాల వంక చూశాడు.

"ఎక్కడ దొరికాయి మామయ్యా?"

"ఎక్కడో దారి తప్పాయి అల్లుడూ" అన్నాడు రాడ్కే. "ఇప్పటికి చేరాయి."

గెరిట్ తలూపి వెళ్ళిపోయాడు.

చలికాలం రాకముందే ఫ్యాక్టరీని బ్యాంకువాళ్ళు లాగేసుకున్నారు. లారీలాయన దాన్ని కొని తన బళ్ళకు షెడ్డు చేసుకున్నాడు. గెరిట్ అదే షెడ్డులో డ్రైవరుగా చేరి, పక్క కౌంటీవాళ్ళ చెర్రీలు మోశాడు. కొరిన్ స్కూలు వంటగదిలో పనికి కుదిరింది. ఆ సంగతి చూసి సరస్సు ఒడ్డునున్న ఫ్యాక్టరీలవాళ్ళందరూ మరుసటేడు లారీలకే మారిపోయారు. ఎవరూ వచ్చి రాడ్కేతో పోట్లాడలేదు, మానేస్తున్నామని చెప్పనైనా లేదు. ఫ్యాక్టరీలకు పోయే పక్క పట్టాల మీద ముందు తుప్పు పట్టింది, తర్వాత గడ్డి మొలిచింది. ఇప్పుడు పట్టాలు ఖాళీగా ఉంచడానికి ఎవరూ కష్టపడనక్కర్లేకపోయింది.

మాట చెప్పాలని రాడ్కేకు లేకపోలేదు. ప్రతి ఆదివారం కూతురింటి మెట్లెక్కుతూ ఇవ్వాళ చెప్పేయాలనుకునేవాడు. గెరిట్ లేచి కుర్చీ జరిపి "రండి మామయ్యా" అనగానే నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. ఆ మర్యాదే ఆయన్ను చంపేది. తిట్టే అల్లుడైతే ఎప్పుడో చెప్పేసేవాడు.

డెబ్బై జూన్‌లో ఒక ఆదివారం, భోజనాల మధ్యలో, రేడియోలో చెప్పారు. కంపెనీ దివాలా తీసింది. దేశంలో ఇంత పెద్ద దివాలా ఇంతకుముందు లేదన్నారు. గెరిట్ లేచి రేడియో కట్టేశాడు.

"ఐపీ పెట్టేశారన్నమాట" అన్నాడు. "పైవాళ్ళు తినేశారు మామయ్యా. అప్పులు తెచ్చి లాభాలని పంచుకున్నారంట. మీలాంటివాళ్ళు ఏం చేస్తారు పాపం!"

అది అబద్ధమేమీ కాదు. పైవాళ్ళు తిన్నమాట నిజమే. గెరిట్ టోపీ పెట్టుకుని రేపటి ప్రయాణానికి లారీ చూసుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. రాడ్కేకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి, కూతురి వెనకే నడిచాడు.

"కొరిన్, నీకొక మాట చెప్పాలమ్మా. ఆ డబ్బాల వ్యాగన్లు ఉన్నాయే..."

"నీ యార్డుకే వచ్చాయి" అంది కొరిన్, గిన్నె తోముతూ. "చీటీ చూసుకోకుండా నువ్వే పంపేశావు. తెలుసు నాన్నా."

రాడ్కే చేతిలోని పళ్ళేలు బల్ల మీద పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి?"

"స్కూల్లో చేరినప్పట్నుంచి. స్ఫెర్రాగారి భార్య కూడా అక్కడే కదా చేసేది."

"గెరిట్‌కి?"

"నాకంటే ముందే తెలుసు. బీరు కొట్లో ఎవరో చెప్పారంట."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అడగలేదేంటే?"

కొరిన్ గిన్నె పక్కన పెట్టి తండ్రి వంక తిరిగింది. కోపంగా లేదు. ఉంటే బాగుండేది.

"అడక్కుండానే చెప్తావనుకున్నాం. ప్రతి ఆదివారం నువ్వొచ్చి కూర్చుంటే, ఇవ్వాళ చెప్తాడు, ఇవ్వాళ చెప్తాడు అని చూసేవాళ్ళం. నువ్వేమో ఎండల గురించీ వానల గురించీ మాట్లాడి వెళ్ళిపోయేవాడివి."

"ఇప్పుడు చెప్తున్నాగా!"

"ఇప్పుడు కంపెనీయే పోయింది కదా నాన్నా" అంది కొరిన్. "ఇప్పుడు చెప్తే నీకేం పోతుంది?"

పెరటి తలుపు తెరుచుకుంది. గెరిట్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ లోపలికొచ్చి, మామ వంకా భార్య వంకా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతులు తుడుచుకోవడం కూడా ఆపేశాడు.

"ఏంటి మామయ్యా?" అన్నాడు.

కూతురూ అల్లుడూ ఆయన వంకే చూస్తున్నారు. రాడ్కే నోరు తెరిచాడు. అల్లుడి భుజం మీదుగా కిటికీలోంచి బయటికి చూశాడు.

"వాన వచ్చేట్టుంది అల్లుడూ" అన్నాడు.